దుబ్బలో దొరికిన నంబరు

మొన్న ఇద్దరు పిల్లలు కామారెడ్డిలో మా ఇంటికి వచ్చారు. అటవీ శాఖలో కొత్తగా బీట్ ఆఫీసర్లుగా చేరారట, ఎల్లారెడ్డి వైపు పోస్టింగు. పాత మనిషిని కదా, నాలుగు మాటలు అడిగి పోదామని వచ్చారు. చిరుత ఎదురైతే ఏం చేయాలని అడుగుతారనుకున్నాను. టేకు దొంగల గురించి అడుగుతారనుకున్నాను. రెండింటికీ నా దగ్గర చెప్పి చెప్పి నునుపెక్కిన కథలున్నాయి. వాళ్లు అడిగింది వేరు.

"సార్, గుట్టలల్ల నడవనీకి ఎసొంటి బూట్లు కొనాలె? ఫోన్ల చూస్తే వంద రకాలు చూపిస్తున్నయి."

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వింది. "బూట్ల ముచ్చట ఆయన్ని అడుగుతున్నరా?" అంటూ చాయ్ తెచ్చింది. ఆ నవ్వుకు కారణముంది. చాయ్ తాగించి, సగం సమాధానం చెప్పి వాళ్లను పంపించాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. అందులో నా తప్పొకటి ఉంది, ఎదురుగా కూర్చోబెట్టుకొని చెప్పడానికి ఇంకా సిగ్గుగానే ఉంది.

రిటైరవడానికి రెండేళ్ల ముందు సంగతి. ఎల్లారెడ్డి వైపు సెక్షన్ ఆఫీసర్‌గా ఉన్నాను. అంటే నాలుగు బీట్లు, వాటిని చూసుకునే బీట్ ఆఫీసర్లు, వాచర్లు, మొత్తం ఎనిమిది మంది నా కింద ఉండేవారు. అడుగులు చదవడంలో నాకు కాస్త పేరుండేది. మట్టిలో ముద్ర చూసి చిరుత ఆడదా మగదా, ఎంతసేపటి కింద పోయింది, తొందరలో ఉందా తీరుబడిగా పోయిందా చెప్పేవాణ్ని. కొత్తవాళ్లను వెంటేసుకొని తిరిగేవాణ్ని. గుట్ట దిగేటప్పుడైతే ప్రతి ఇరవై గజాలకు ఆగి ఏదో ఒకటి చూపించి పాఠం చెప్పేవాణ్ని. ఇది ఎలుగుబంటి తవ్విన పుట్ట, ఇది మనుబోతు పెంట, ఇలా. సార్‌కు ఎంత ఓపిక అనుకునేవారు పిల్లలు. నేను కూడా అనుకోనిచ్చాను.

సర్వీసంతా తోలుచెప్పులతోనే నడిచాను. బూట్లు పరేడ్ రోజు పెట్టెలోంచి తీసి, సాయంత్రానికి మళ్లీ పెట్టెలో పెట్టేవాణ్ని. అందుకే ఆ ఏడాది జంతువుల సర్వేకు ముందు సిబ్బందికి బూట్లు ఇప్పించే అవకాశం వచ్చినప్పుడు, ఎంచి తెచ్చే పని నాకు అప్పగించడం ఇప్పుడు తలుచుకుంటే వింతగా ఉంటుంది. సీనియర్ ఉండగా ఇంకొకరిని పంపితే బాగుండదని పంపించారు. నాకు చేతకాదని నేనూ చెప్పలేదు. చెప్పే స్వభావం కాదు నాది.

ఆ సర్వే గురించి రెండు మాటలు చెప్పాలి. ఆరు రోజులు నడవాలి. మొదటి మూడు రోజులు కాలిబాటల వెంట మాంసం తినే జంతువుల ఆనవాళ్లు వెతుకుతూ పోవాలి. తర్వాతి మూడు రోజులు తెల్లవారగానే అడవిలో ముందే గుర్తుపెట్టిన గీత మీద నడుస్తూ, కనబడిన జింకలు, పందులు, మనుబోతులు రాసుకోవాలి. ఎవరి బాట వాళ్లదే. మధ్యలో మనిషి మారితే చూసే కన్ను మారుతుందని, మొదలుపెట్టిన మనిషే ముగించాలని మా పద్ధతి.

మా సెక్షన్‌లో అన్నిటికంటే ఎత్తున ఉన్న గుట్ట బీటును ఒక అమ్మాయి అడిగి మరీ తీసుకుంది. ఇరవై ఆరేళ్లుంటాయి. రాజంపేట దగ్గరి పల్లె. తల్లి బీడీలు చుడుతుంది. ఈమె కూడా చిన్నప్పటినుంచి తల్లి పక్కన కూర్చొని తునికాకు కత్తిరించిందట. గుట్ట బీటే ఎందుకమ్మా అంటే ఆమె చెప్పిన మాట నాకు ఇంకా గుర్తుంది.

"ఇన్నేండ్లు ఆకు కత్తిరిచ్చిన సార్. ఆ ఆకు ఎక్కడ కాస్తదో చూడాలని ఉండె."

జవాబు నాకు నచ్చింది, నమ్మకం మాత్రం కలగలేదు. గుట్ట బీటు మగపిల్లలనే ఏడిపించింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న రకం నేను. "చూడు బిడ్డా, ఆరు రోజులు సర్వే నడిచి చూపియ్యి. గీత తప్పకుండ నడిస్తే బీటు నీదే. నడవకపోతే కింద రోడ్డు పక్క బీటుకు మారుస్త, అప్పుడు బాధపడొద్దు" అన్నాను. "సరే సార్" అంది.

బూట్ల పని ఫోనులో మొదలుపెట్టాను. అందరూ మీ మీ కాలి నంబర్లు పంపండని గ్రూపులో పెట్టాను. పంపారు. ఎవరు దేని నంబరు పంపారో ఆ రోజు నేను అడగలేదు. తర్వాత తెలిసింది, ఒకడు పెళ్లిలో తొడిగిన బూటు నంబరు పంపాడు. ఇంకొకడు తమ్ముడి నంబరు పంపాడు, ఇద్దరి కాళ్లు ఒకటేనని వాళ్ల అమ్మ చెప్పిందట. ఆ అమ్మాయి తన సాండల్ మీద ఉన్న నంబరు పంపింది. వాచర్లలో పెద్దాయన ఒకాయన ఉండేవాడు, అరవైకి దగ్గర పడ్డ మనిషి, టైరు చెప్పులు తప్ప ఎరగడు. ఆయన ఫోన్ చేసి, "సార్, నాకు నంబరు లేదు. కాలు మీద దారం పెట్టి కొలిచి కుట్టిస్తరు" అన్నాడు. ఆయనకు నేనే ఒక నంబరు ఇచ్చాను, తొమ్మిది అని.

అంతటితో ఊరుకోలేదు. ప్రతి నంబరుకు ఒకటి కలిపాను. మా నాన్న నాకు బడి బూట్లు ఎప్పుడూ ఒక నంబరు పెద్దవే కొనేవాడు. పెరిగే కాలు, ముందు దూది పెడితే సరిపోతుంది అనేవాడు. ఈ పక్క ఏ ఇంట్లో అడిగినా ఇదే మాట. అది నా బుర్రలో ఎంత గట్టిగా నాటుకుందంటే, ఇరవై ఆరేళ్ల మనిషి కాలు ఇంకెక్కడికి పెరుగుతుందని ఒక్క క్షణం కూడా ఆలోచన రాలేదు.

కాగితం జేబులో పెట్టుకొని కామారెడ్డి బజారులో ఒక పాత చెప్పుల దుకాణానికి పోయాను. దుకాణం సాయిబు నా వయసు మనిషే. కాగితం చూసి, కళ్లద్దాలు పైకి జరిపాడు.

"సాబ్, ఈ కాళ్లు ఎక్కడున్నయి?"

"ఎల్లారెడ్డిల ఉన్నయి."

"కాళ్లు ఎల్లారెడ్డిల పెట్టి బూట్లు కామారెడ్డిల ఎట్ల కొంటరు సాబ్? అందరినీ ఒక సాయంత్రం పంపుండ్రి. పొద్దుగాల కాలు వేరే ఉంటది, నడిచినంక కాలు వేరే ఉంటది."

సర్వే నాలుగు రోజుల్లో ఉంది, అంత టైము లేదన్నాను. ఆయన తేలికపాటి బూట్లు కొన్ని తీశాడు. చీలమండ దాకా వచ్చేవి, పైన గట్టి గుడ్డ, అడుగున పట్టు ఉన్న రబ్బరు. రెండు చేతులతో వంచి, ముందు భాగం వేళ్ల దగ్గర వంగడం చూపించాడు. "నడిచేటోనికి గిట్ల వంగాలె సాబ్" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఇవి పెండ్లికొడుకు తొడుక్కునేవి, మాది అడవి అన్నాను. నా కళ్లు పై అరలో ఉన్న నల్లటి తోలు బూట్ల మీద పడ్డాయి. ముందు వేళ్ల దగ్గర లోపల ఇనుప టోపీ, అడుగున రెండు వేళ్ల మందం. కుండను కొట్టి చూసినట్టు వేలితో కొట్టి చూశాను. టంగుమంది. రాయి పడినా, ముల్లు గుచ్చినా, పాము కొట్టినా చెక్కుచెదరవు అనుకున్నాను.

"అవి ఫ్యాక్టరీల పనిచేసేటోళ్లకు సాబ్. నిలబడి పనిచేసేటోళ్లకు."

"మావోళ్లు నిలబడరా?" అన్నాను. సాయిబు ఎనిమిది డబ్బాలు కట్టి ఇచ్చాడు.

ఎల్లారెడ్డిలో బూట్లు పంచిన రోజు పండుగలా జరిగింది. అందరూ తొడుక్కొని వరుసగా నిలబడి ఫోటో దిగారు. వాచర్ పెద్దాయన గచ్చు మీద నాలుగడుగులు వేసి తన చప్పుడుకు తానే బెదిరినట్టు ఆగాడు. ఆ అమ్మాయి లేసులు బిగించి కట్టి, "కొంచెం లూజు ఉన్నయి సార్" అంది. "ముందు దూది పెట్టు" అన్నాను. పెట్టింది.

సర్వే మొదటి రోజు నుంచే నాకు విచిత్రమైన కబుర్లు రావడం మొదలైంది. టేకాకు రాలే కాలమది. ఎండిన ఆకు అడవంతా పరుచుకొని ఉంది. నేను తెచ్చిన బూట్లు దాని మీద పడితే అప్పడాల బస్తా మీద నడిచినట్టుందట. అరకిలోమీటరు ముందునుంచే నెమళ్లు అరిచి అడవికి కబురందిస్తున్నాయి. సాయంత్రం వాచర్ పెద్దాయన నెమ్మదిగా అన్నాడు, "సార్, జంతువుల లెక్క మనం రాస్తున్నమో, మన లెక్క అవి రాస్తున్నయో తెలుస్తలేదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాళ్లెలా ఉన్నాయని అడిగాను. మంచిగున్నయి సార్ అన్నారు, ఎనిమిది మందీ. సార్ స్వయంగా ఎంచి తెచ్చిన బూట్లు బాగాలేవని ఎవరంటారు?

రెండో రోజు పొద్దున నేను గుట్ట బీటు చూడటానికి బయలుదేరాను. ఆ అమ్మాయి, వాచర్ పెద్దాయన అప్పటికే ముందు పోయారు. బాట మీద అక్కడక్కడ మేము దుబ్బను, అంటే సన్నటి మెత్తటి మట్టిని, జల్లెడ పట్టి, చాప వెడల్పున పరిచి పెడతాం. దాని మీదినుంచి ఏ జంతువు పోయినా అడుగు అచ్చుగుద్దినట్టు పడుతుంది. మొదటి దుబ్బ పట్టీ దగ్గర అలవాటుగా వంగి చూశాను. నక్క ఒకటి పోయింది. దాని మీద ఇద్దరు మనుషుల అడుగులు. పెద్దాయనవి టైరు చెప్పుల అడుగులు. మనిషి అప్పటికే బూట్లు విప్పేశాడన్నమాట. రెండోది చిన్న బూటు, ఆ అమ్మాయిది.

ఆ బూటు అడుగు దగ్గర నేను ఆగిపోయాను. మడమ సరిగ్గా పడలేదు. ముందు భాగం మాత్రం లోతుగా దిగింది. ఇదేంటి అనుకున్నాను. నిజం చెప్పాలంటే, నాకు మొదట కలిగింది జాలి కాదు, ఆసక్తి. కొత్త జంతువు ముద్ర దొరికినట్టు సంబరపడ్డాను. రెండో పట్టీ దగ్గర చూస్తే అడుగుల మధ్య దూరం జానెడు తగ్గింది. బాట దిగుడు మొదలైన చోట అడుగులు పక్కకు తిరిగి ఉన్నాయి, నిచ్చెన దిగినట్టు అడ్డంగా దిగింది. మూడో పట్టీలో కుడి బూటు ముందు మొన దుబ్బను గీసుకుంటూ పోయింది. కాలు ఎత్తలేక ఈడ్చిందన్నమాట. చిరుత ఇలా నడిస్తే ఏం రాసేవాణ్నో నాకు తెలుసు. రెండు వెనక కాళ్లకూ గాయం, వేటాడలేదు, జాగ్రత్త అని రాసేవాణ్ని.

ఇంకొంచెం దూరంలో ఒక బండ పక్కన మనిషి కూర్చున్న గుర్తు కనబడింది. అక్కడ రాలిన ఆకుల్లో దూది ఉంటలు రెండు దొరికాయి. ఒకటి ఎర్రగా తడిసి ఉంది.

దీపం కింద చీకటి అంటే ఏమిటో ఆ బండ పక్కన తెలిసింది. ముప్పై ఏళ్లకు పైగా అడవిలో ప్రతి జంతువు కాలు చూశాను. నాతో కలిసి నడిచే మనుషుల కాళ్లు ఏనాడూ చూడలేదు. నంబర్లు అడిగాను, కాగితం మీద రాసుకున్నాను, ఒకటి కలిపాను. ఆ దూది చేతిలో పట్టుకొని నిలబడితే కళ్లలో నీళ్లు తిరిగాయి. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి తుడుచుకోవడానికి తొందరపడలేదు.

వాళ్లను అందుకునేసరికి ఇంకో గంట పట్టింది. ఆమె ఒక చెట్టుకు ఆనుకొని, ఒంటికాలి మీద నిలబడి, ఎలుగుబంటి గోళ్ల గీతలు నోటుబుక్కులో రాసుకుంటోంది. నన్ను చూసి రెండో కాలు కూడా నేలమీద పెట్టింది.

"బూట్లు విప్పమ్మా" అన్నాను.

"ఏం కాలే సార్. లైన్ ఒక్క అడుగు గూడ తప్పలే. చూసుకోండ్రి" అని నోటుబుక్కు చాపింది.

"నేను బుక్కు అడగలే. బూట్లు విప్పు."

పెద్దాయన మధ్యలో అందుకున్నాడు. "నిన్నటినుంచి చెప్తున్న సార్, ఇప్పెయ్యి బిడ్డా, నా తీరు చెప్పులేసుకో అని. సార్ తెచ్చినయి తాత, ఇప్పితే నడవస్తలేదనుకుంటడు అంటది."

ఆమె కింద కూర్చొని విప్పింది. రెండు మడమల మీద రూపాయి బిళ్లంత చర్మం ఊడిపోయింది. బూటు పెద్దదై అడుగడుక్కూ మడమ పైకి లేచి రాసుకుంది. దిగేటప్పుడు కాలు ముందుకు జారి, వేళ్లు దూదిని దాటి ఇనుప టోపీకి తగిలాయి. రెండు బొటనవేళ్ల గోళ్లు నల్లబడ్డాయి. ఇదంతా నా ఎంపిక. ఆమె తల వంచుకొని కాళ్ల వైపే చూస్తూ అడిగింది.

"బీటు మారుస్తరా సార్?"

బూట్లు తెచ్చింది నేను. దూది పెట్టమన్నది నేను. నడవకపోతే బీటు తీసేస్తానన్నది కూడా నేనే. ఇంతకంటే పకడ్బందీగా ఒక మనిషిని ఓడించాలని కూర్చొని ఆలోచించినా నాకు చేతకాదు. "తప్పు నాది బిడ్డా, నీ కాళ్లది కాదు" అన్నాను. నా కింద పనిచేసేవాళ్లకు ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. పెద్దాయన మర్యాదగా అటు తిరిగి చెట్టు పైకి చూశాడు.

ఆమె సాక్సు పాదాలకు తువ్వాలు చింపి చుట్టి, పెద్దాయన ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకొని, మిగిలిన బాట మెల్లగా పూర్తి చేసి కిందికి దింపాం. దవాఖానలో కట్టు కట్టించాం. అప్పుడు నాకు ఆఫీసు బీరువా వెనక పడి ఉన్న గాజు పలక గుర్తొచ్చింది. వెనకటి రోజుల్లో పులి అడుగు దొరికితే ఆ గాజును దాని మీద పెట్టి, పైనుంచి గీతలు గీసి, కాగితం మీదికి దించేవాళ్లం. అడవిలో కెమెరాలు వచ్చాక దాని పని అయిపోయింది. దుమ్ము తుడిచి బయటికి తెచ్చాను.

సాయంత్రం అందరూ నడిచి వచ్చాక ఆఫీసు ముందర దుబ్బ పరిపించాను. ఒక్కొక్కరినీ బూట్లు విప్పించి, వీపున సంచీ అలాగే ఉంచి, దుబ్బ మీద ఒంటికాలితో నిలబడమన్నాను. మొదట నవ్వులాట అనుకున్నారు. నేను మోకాళ్ల మీద కూర్చొని పాదాలు గాజు మీదికి దించుతుంటే నవ్వు ఆపేశారు. ఎంత ఆశ్చర్యపోయానో చెప్పలేను. పదహారు పాదాల్లో రెండు ఒకేలా ఉన్నవి లేవు. ఒక మనిషివే రెండు పాదాలు ఒకేలా లేవు. పెద్దాయన పాదం ముందు భాగం చేటంత వెడల్పు. ఆయనకు నేనిచ్చిన బూటులో ఆ పాదం ఒక రోజంతా ఎలా దూరిందో దేవుడికే తెలియాలి. అందుకే విప్పేశాడు. ఇంకొకడిది అరికాలు పూర్తిగా దుబ్బకు అంటుకుంది, ఒంపే లేదు. ఆ అమ్మాయిని కట్టుతోనే ఒక్క క్షణం నిలబెట్టి దించాను, ఆమె పాదం వేళ్ల దగ్గర విశాలం, మడమ దగ్గర సన్నం. సాండల్‌లో అది తెలియదు, వేళ్లకు ముందు తలుపే ఉండదు కదా.

"మీరు గూడ నిలబడుండ్రి సార్" అంది ఆమె, కట్టుకట్టిన కాళ్లతో కుర్చీలో కూర్చొని.

"నాకెందుకమ్మా, నావి చెప్పుల కాళ్లు" అని గాజు చంకలో పెట్టుకొని లేచాను.

ఆ కాగితాలు చుట్ట చుట్టుకొని జీపులో కామారెడ్డి పోయాను. సాయిబు కాగితాలను గల్లా మీద పరిచి, ఒక్కొక్కటి తిప్పి తిప్పి చూశాడు. వెక్కిరిస్తాడనుకున్నాను. వెక్కిరించలేదు.

"ఇప్పుడు కాళ్లు తెచ్చినరు సాబ్" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన దగ్గర నేర్చుకున్నదే మొన్న వచ్చిన పిల్లలకు చెప్పిన సగం. నడిచి అలసిన కాలుతో పోయి కొనండి. అడవిలో తొడిగే మందపు సాక్సు వెంట తీసుకుపోండి. నిలబడినప్పుడు వేళ్ల ముందు బొటనవేలంత జాగా ఉండాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. దుకాణంలో మెట్లుంటే దిగి చూడండి, వేళ్లు ముందుకు కొట్టుకుంటే అది మీ బూటు కాదు. రెండు పాదాల్లో పెద్ద పాదానికి కొనండి. కొన్నది మొదట ఇంట్లో, తర్వాత ఊళ్లో తొడిగి, ఆ తర్వాతే గుట్ట ఎక్కండి. మాకు అంత టైము లేదు కాబట్టి సాయిబు అన్నిటికంటే మెత్తగా వంగేవి ఏరి ఇచ్చాడు. పెండ్లికొడుకు బూట్లే. ఇనుప టోపీవి నర్సరీకి పంపాం. అక్కడ గడ్డపారతో గుంతలు తీసేవాళ్ల కాళ్లను అవి చాలాకాలం కాపాడాయి. బూటులో దోషం లేదు, దాన్ని పంపిన చోటే తప్పు.

మూడో రోజు ఆమె మడమలు ఏ బూటుకూ ఒప్పుకునేలా లేవు. నేను వద్దన్నాను, ఒక బాట ఖాళీగా పోతే పోనీ, బీటు నీదే అన్నాను. "అట్ల ఇస్తే నాకొద్దు సార్. నడిస్తెనే ఇయ్యుండ్రి" అంది. మడమ దగ్గర తెరిచి ఉన్న తన సాండల్ మీదే బయలుదేరింది. పెద్దాయన ముందు నడుస్తూ కట్టెతో ముళ్లు పక్కకు నెట్టాడు. ఆమె మధ్యలో, నేను వెనక. మామూలుగా మూడు గంటల బాట, ఆ రోజు ఆరు గంటలు పట్టింది. దుబ్బ పట్టీలన్నీ దాటుకుంటూ ముగ్గురం నడిచాం. నేను పాఠాలు చెప్పలేదు. ఆమె ఆగిన ప్రతిచోటా ఆగాను, నాకూ ఆ ఆగడం హాయిగానే ఉంది.

నాలుగో రోజు నుంచి కొత్త బూట్లు, లోపల దూది కట్టు. ఆకుల మీద చప్పుడు సగానికి తగ్గింది. ఐదో రోజు ఆమె గీత మీద ఏడు జింకల మందను ముప్పై గజాల దూరం నుంచి చూసి లెక్క రాసింది. ఆరో రోజు బుక్కు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. గీత ఎక్కడా తప్పలేదు. "గుట్ట బీటు నీదే" అన్నాను. "తెలుసు సార్" అని నవ్వింది. ఆ నవ్వులో ఆమె నన్ను క్షమించిందని నేను అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

రెండేళ్లకు నేను రిటైరయ్యాను. ఎల్లారెడ్డిలో చిన్న సభ పెట్టారు. శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు, నా పాదముద్రల విద్య గురించి నాకే సిగ్గేసేలా పొగిడారు. చివర్లో ఆ అమ్మాయి ఒక అట్టపెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టింది. బూట్లు. వంగేవి.

"నా నంబరు నేనెవరికీ ఇవ్వలేదు కదమ్మా, ఎవరు చెప్పారు?" అన్నాను. మా ఆవిడ వైపు చూశాను. నన్నడగలేదన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపింది.

తొడిగి చూశాను. ఎడమది సరిగ్గా పట్టింది. కుడిదాంట్లో మడమ కింద మెత్తటి దిండు ఒకటి వేయించి ఉంది. నిలబడ్డాను. ఎన్నో ఏళ్లుగా నిలబడిన ప్రతిసారీ కుడి మోకాలిలో కలుక్కుమనేది, ఆ రోజు అనలేదు.

ఆ అమ్మాయి పక్కకు వంగి, ఎవరికీ వినబడకుండా చెప్పింది.

"నాలుగో రోజు పొద్దుగాల దుబ్బ పట్టీల మీద చూసిన సార్. మూడు పట్టీలల్ల మీ కుడి మడమ ఆనలే. దిగుడు కాడ అడ్డం దిగిన్రు. మోకాలు గదా? కొలత గూడ గా దుబ్బలనే తీసుకున్న, మీ గాజుతోని."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"బీటు పోతదని నేను దాచుకున్న. మీరెందుకు దాచుకున్నరో నాకు ఎరుకే గదా సార్."

ఎరుకే. మోకాలి సంగతి తెలిస్తే నన్ను అడవిలోంచి తీసి ఫైళ్ల ముందు కూర్చోబెడతారని ఏడేళ్లు దాచాను. ఇంట్లో కూడా చెప్పలేదు. గుట్ట దిగేటప్పుడు ప్రతి ఇరవై గజాలకు నేను చెప్పిన పాఠాలన్నీ ఆ మోకాలు చెప్పించినవే. ఇరవై ఆరేళ్ల పిల్లను ఆరు రోజులు నడిచి చూపించమన్న మనిషి, తను నడవలేక ఎలుగుబంటి పుట్టలు చూపించుకుంటూ తిరిగాడు. అది చదివేసి కూడా ఆ అమ్మాయి రెండేళ్లు నోరు విప్పలేదు. నేను ఆగిన ప్రతిచోటా తానూ ఆగి, ఏదో ఒకటి అడిగేది. ఇది ఏం చెట్టు సార్, అది ఏం పిట్ట సార్ అని. తెలిసినవే అడిగేది.

మొన్న వచ్చిన ఆ ఇద్దరు పిల్లలను ఆదివారం సాయంత్రం మళ్లీ రమ్మన్నాను, ఊరంతా ఒక చుట్టు నడిచి అలసిన కాళ్లతో. పెరట్లో దుబ్బ జల్లెడ పడుతుంటే మా ఆవిడ వచ్చి ఇదేం పని అని అడిగింది. బూట్ల కొలత అన్నాను. గాజు పలక ఇప్పుడు ఆ అమ్మాయి దగ్గరే ఉంది, తెస్తానంది. ఈసారి ముందు నేనే నిలబడతాను, కుడికాలు మీద.